మందారం పొట్లం

"చక్రాల రిపేరు కోసం షాపుకి వచ్చిన ఒక వ్యాగన్. దానికి నాలుగు జతల చక్రాలు. ఒక్కో జతలో లోపం ఉండే సంభావ్యత పదిలో ఒకటి. నాలుగు జతలూ బాగుండే సంభావ్యత ఎంత?"

లెక్క బోర్డు మీద రాసి, ఫణిశ్రీ చేతికంటిన సుద్దపొడి దులుపుకుంది.

ఆదివారం పొద్దున. రాయ్‌పూర్ డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో, అంటే రైల్వే వ్యాగన్లు రిపేరు చేసే షాపు వాళ్ళ కాలనీలో, ఇన్‌స్టిట్యూట్ వెనక గది. డిగ్రీ చదివేవాళ్ళ కోసం కాలనీ తెలుగువాళ్ళు పెట్టుకున్న ట్యూషన్ అది. వారమంతా ఒక ప్రైవేటు కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పే ఫణిశ్రీ, ఆదివారాలు ఇక్కడ ఊరికే చెబుతుంది. కాలనీలో అందరి బతుకూ వ్యాగన్లతోనే కాబట్టి నాణేలు, పాచికలు పక్కన పెట్టి వ్యాగన్ లెక్క తయారు చేసుకొచ్చింది. ఆ లెక్క మీద ఆమెకి కాస్త గర్వం కూడా ఉంది.

"సున్నా, మేడం."

వెనక బెంచీలోంచి వచ్చింది జవాబు. వానలో తడిసి, ఆలస్యంగా వచ్చి కూర్చున్న మనిషి. వయసు ఇరవై ఆరు ఉంటుంది. మోచేతి మీద వెల్డింగ్ నిప్పురవ్వల మచ్చలు.

"పెన్ను కూడా తీయకుండానే సున్నా వచ్చిందా?"

"పెన్ను అక్కర్లేదు మేడం. నాలుగూ బాగుంటే చక్రాల రిపేరుకి మా షాపుకి ఎందుకొస్తుంది?"

గది గొల్లుమంది.

"తొమ్మిది బై పదిని నాలుగుసార్లు గుణించాలి," అంది ఫణిశ్రీ, గొంతు పెంచకుండా. "నూటికి సుమారు అరవై ఆరు. అది జవాబు."

"అది బయట పట్టాల మీద తిరిగే బండికి మేడం. మీరు రాసింది మా దగ్గరికొచ్చిన బండి గురించి."

ఫణిశ్రీ బోర్డు వైపు చూసింది. రాసింది నిజంగానే అది. 'షాపుకి వచ్చిన' అన్న ఒక్క ముక్క మొత్తం లెక్కని పట్టాలు తప్పించింది. ఒక సంగతి జరిగిందని తెలిశాక రెండో దాని సంభావ్యత మారిపోతుందన్నది ఆమె వచ్చే నెల చెప్పాల్సిన పాఠం. ఇతను ఇప్పుడే, తల తుడుచుకుంటూ చెప్పేశాడు.

"పేరు?"

"ధనుంజయ్. వెల్డర్‌ని. ప్రైవేటుగా బీకాం కడుతున్నా. స్టాటిస్టిక్స్‌లో రెండుసార్లు పోయింది."

"ఎందుకు పోయిందో తెలిసింది. పరీక్షలో కూడా ప్రశ్న రాసినవాడితో పోట్లాడి ఉంటారు."

మళ్ళీ నవ్వులు. ఈసారి ధనుంజయ్ కూడా నవ్వాడు. ఫణిశ్రీ బోర్డు వైపు తిరిగి 'షాపుకి వచ్చిన' అన్నది చెరిపేసింది. అలా తిరిగి ఉండగా తనూ నవ్వుకుంది. అది ఎవరూ చూడలేదు.

* * *

ఆ వానాకాలం రాయ్‌పూర్‌లో ప్రతి ఆదివారం వాన పడింది. ప్రతి ఆదివారం ధనుంజయ్ గొడుగు మరిచిపోయి వచ్చాడు. క్లాసు అయ్యాక ఫణిశ్రీ గొడుగులో క్వార్టర్ల మలుపు దాకా నడిచాడు.

"గొడుగు కొనుక్కోవచ్చుగా?"

"కొన్నాను మేడం. ఇంట్లో భద్రంగా ఉంది."

ఒకరోజు టీ కొట్టు దగ్గర ఆగారు. "మీ క్లాసులో ఇరవై మంది," అంది ఫణిశ్రీ. "పన్నెండు మందికి సమోసా ఇష్టం. తొమ్మిది మందికి ఆలూగుండా ఇష్టం. రెండిట్లో ఏదో ఒకటైనా ఇష్టపడేవాళ్ళు ఎంతమంది?"

"ఇరవై ఒకటి."

"ఇరవై మందిలో ఇరవై ఒకరు! ఆ ఒక్కడూ పక్క ఊరు మందిర్ హసౌద్ నుంచి తినడానికి వచ్చాడా?"

ధనుంజయ్ తల గోక్కున్నాడు. "రెండూ ఇష్టపడేవాళ్ళని రెండుసార్లు లెక్కపెట్టేశాను. నాలాంటోళ్ళని."

"అలాంటోళ్ళు అయిదుగురు అనుకో. ఒకసారి తీసెయ్యి."

"పదహారు. సహీ?"

"సహీ. మిగిలిన నలుగురికీ ఏదీ ఇష్టం లేదు."

"ఆ నలుగురూ నాకు నచ్చలేదు మేడం. వాళ్ళని క్లాసు నుంచి తీసేద్దాం."

ఎప్పుడు 'మీరు' పోయి 'నువ్వు' వచ్చిందో ఫణిశ్రీ గమనించలేదు. ధనుంజయ్ గమనించాడు. ఆ రోజు ఇంటికెళ్ళి వాళ్ళమ్మ అప్పలనరసమ్మ పెట్టిన చేపల పులుసు తినడం మరిచిపోయి, కంచం ముందు అలాగే కూర్చున్నాడు.

పండగలూ పరీక్షలూ వచ్చి వెళ్ళిపోయాయి. ధనుంజయ్ స్టాటిస్టిక్స్ పాసయ్యాడు, అరవై రెండు మార్కులు. మార్కుల కాగితం తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

"ఇక ఆదివారం రావక్కర్లేదు," అంది ఫణిశ్రీ, కాగితం మడుస్తూ.

"వస్తాను."

"ఏం పని?"

"మీ ఇంటికి మా అమ్మని తీసుకొస్తాను. రమ్మంటారా?"

ఆమె కాగితాన్ని ఇంకొక మడత పెట్టింది. దాన్ని ఇంకొక మడత పెట్టింది. ఇక మడత పడనంత చిన్నదయ్యాక తలెత్తింది.

"నాకు ఇష్టమే," అంది. "కానీ మా ఇంట్లో మనుషుల్ని అడగరు ధనుంజయ్. పూలని అడుగుతారు."

* * *

ఫణిశ్రీ వాళ్ళ మామ్మ దాలమ్మది విజయనగరం పక్క పల్లె. పెళ్ళయి ఈ కాలనీకి వచ్చి యాభై ఏళ్ళయింది. వస్తూ వస్తూ పైడితల్లమ్మ పటం తెచ్చుకుంది. ఏ పని మొదలుపెట్టాలన్నా ఆ పటం ముందు ఇత్తడి పళ్ళెంలో రెండు పొట్లాలు పెడుతుంది. ఒకదాంట్లో తెల్ల నందివర్ధనం, ఒకదాంట్లో ఎర్ర మందారం. రెండూ పెరట్లోవే. కళ్ళు మూసుకుని ఒకటి తీస్తుంది. తెలుపైతే సరే. ఎరుపైతే వద్దు. ఆ మాటకి తిరుగులేదు.

"అయితే సగం ఛాన్సు ఉందిగా," అన్నాడు ధనుంజయ్.

"మూడేళ్ళ నుంచి పదకొండుసార్లు అడిగింది. నాకు బిలాస్‌పూర్‌లో ఉద్యోగం వచ్చినప్పుడు, స్కూటీ కొంటానన్నప్పుడు, అమ్మ పూరీ వెళ్తానన్నప్పుడు. పదకొండుసార్లూ ఎరుపే."

ధనుంజయ్ ఫోన్ తీశాడు. రెండుని రెండుతో గుణించుకుంటూ పోయాడు. "రెండు వేల నలభై ఎనిమిదిలో ఒకటి. ఇది ఊరికే జరిగేది కాదు మేడం." కాసేపు ఆలోచించాడు. "మందారం పెద్దది. నందివర్ధనం చిన్నది. పొట్లాలు ఒక్కలా ఎలా ఉంటాయి? వేళ్ళకి తెలిసిపోతుంది."

"నాకు తెలుసు."

"తెలిసీ ఊరుకున్నారా?"

ఫణిశ్రీ తండ్రి గిరిధర్ అదే షాపులో ఫిట్టర్. పోయి మూడేళ్ళయింది. ధనుంజయ్ అతని దగ్గర ఆరు నెలలు పని నేర్చుకున్నాడు కూడా.

"నాన్న గుండె ఆపరేషన్‌కి ముందు మామ్మ పూలు అడిగింది," అంది. "తెలుపు వచ్చింది. నాన్న ఇంటికి రాలేదు. అప్పటినుంచి దేనికైనా ఎరుపే. భయం. తనకే తెలియకుండా చెయ్యి అటు పోతోంది. అమ్మకి ఉద్యోగం ఉంది, నాకు నా లెక్కలున్నాయి. మామ్మకి ఆ పళ్ళెం ఒక్కటే ఉంది. 'నీ పళ్ళెం తప్పు' అని నేను ఎలా చెప్పను?"

ధనుంజయ్ ఫోన్ జేబులో పెట్టేశాడు.

"నువ్వూ చెప్పకూడదు. చెప్పావో, నీకూ నాకూ మాటల్లేవు."

"చెప్పను," అన్నాడు. ఆ తర్వాత, "పూలు నేను తేవచ్చా?" అని అడిగాడు.

"తెచ్చుకో," అంది ఫణిశ్రీ, అతను దేని గురించి అడుగుతున్నాడో పట్టించుకోకుండా.

* * *

షాపు గేటు పక్కన రెండు గన్నేరు పొదలున్నాయి. ఒకటి తెలుపు, ఒకటి ఎరుపు. ఆ వారం ధనుంజయ్ డ్యూటీ దిగగానే జేబులో కొలతల వెర్నియర్ కాలిపర్ పెట్టుకుని ఆ పొదల దగ్గర నిలబడ్డాడు.

"అరె, క్యా కర్ రహా హై?" అని గేటు దగ్గర గార్డు అడిగాడు.

"పూల సైజు చూస్తున్నా భయ్యా."

గార్డు మళ్ళీ ఏమీ అడగలేదు.

ఇంట్లో ఒకే పాత పేపర్‌ని రేకు అచ్చు పెట్టి ఒకే కొలతకి కోశాడు. పూలు పెట్టి ఒకేలా మడిచాడు. పొట్లాలు కలిపి వాళ్ళమ్మ ముందు పెట్టాడు. "కళ్ళు మూసుకుని ఒకటి తియ్యమ్మా."

"ఏటిరా ఇది?"

"పరీక్ష."

"పాసయిపోనావు గదరా!"

"ఇది వేరే పరీక్ష."

వందసార్లు తీయించాడు. అప్పలనరసమ్మ మధ్యలో రెండుసార్లు లేచి కూరలో నీళ్ళు పోసి వచ్చింది. తెలుపు యాభై రెండు, ఎరుపు నలభై ఎనిమిది. ధనుంజయ్ గోడ మీద గీసిన గీతలన్నీ మళ్ళీ ఒకసారి లెక్కపెట్టుకుని, తృప్తిగా పెన్సిల్ చెవి మీద పెట్టుకున్నాడు.

"ఒరే," అంది అప్పలనరసమ్మ, "ఆ గుంట పేరేటి?"

* * *

ఆదివారం వాన ఉదయం నుంచే మొదలైంది. ఫణిశ్రీ వాళ్ళ క్వార్టర్ ముందుగదిలో చాప పరిచారు. అప్పలనరసమ్మా, ఫణిశ్రీ తల్లి శ్రీలక్ష్మీ ఒక పక్క కూర్చుని ఊళ్ళ పేర్లు, ఇంటిపేర్లు, వరసలు అన్నీ కలుపుకున్నారు. అన్నీ కుదిరాయి. దాలమ్మ పటం ముందు కూర్చుని ఇత్తడి పళ్ళెం తుడిచింది.

"పూలు నువ్వు తెచ్చినావంట. ఏవి బావూ?"

ధనుంజయ్ కవరు విప్పి రెండు పూలు పళ్ళెంలో పెట్టాడు.

దాలమ్మ వాటిని చూసింది. "గన్నేరా? మందారం ఏది?"

"గన్నేరు తెచ్చాను మామ్మగారూ."

"ఎందుకని?"

ఫణిశ్రీ టీ కప్పులతో వంటింటి గుమ్మంలోకి వచ్చింది. ఆమె ధనుంజయ్ వైపు చూసిన చూపుకి ఇంకొకడైతే లేచి వెళ్ళిపోయేవాడే.

ధనుంజయ్ మెల్లగా అన్నాడు. "రెండూ ఒక సైజు మామ్మగారూ. అందుకని."

దాలమ్మ అతని ముఖంలోకి చాలాసేపు చూసింది. తరవాత పూలు రెండూ పొట్లాలు కట్టి, కొంగు కింద కలిపి, పళ్ళెంలో పెట్టి కళ్ళు మూసుకుంది.

చెయ్యి ఒక పొట్లం మీద ఆగింది. రెండో దాని మీద ఆగింది. మళ్ళీ మొదటిదానికి వచ్చింది.

"తెలట్నేదు," అంది.

"ఏటత్తా?" అంది శ్రీలక్ష్మి.

"ఏది ముందు తగిలిందో తెలట్నేదే. రెండూ ఒకనాగే ఉన్నాయి." దాలమ్మ కళ్ళు తెరిచింది. చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. "ముందు తగిలిందే తియ్యాల. నేకపోతే తప్పు. నాను ఒకసారి తప్పు సేసినాను."

"ఏం తప్పు మామ్మా?" ఫణిశ్రీ కప్పులు కింద పెట్టి వచ్చి పక్కన కూర్చుంది.

"మీ నాన్న ఆపరేసనప్పుడు. ముందు మందారమే తగిలినాది. ఎరుపని నాకు తెలిసిపోనాది. ఎరుపంటే వద్దని గదా. నాకేమో సేయించాలని ఉండీది. అందుకని దాన్నొదిలేసి పక్కది తీసినాను." ఆమె గొంతు మామూలుగానే ఉంది, కూర ధర చెబుతున్నట్టు. "అమ్మోరు వద్దంటే నాను సేయించినాను. పిల్లోడు పోనాడు. మరింక సేతికి ఏది ముందు తగిల్తే అదే తీస్తన్నాను. ఈ మూడేళ్ళూ అదే సేస్తన్నాను."

మూడేళ్ళుగా ఫణిశ్రీ వేసుకున్న లెక్క ఒకటి. జరిగింది ఇంకొకటి. మామ్మ చెయ్యి భయంతో ఎరుపు వైపు పోలేదు. ఒక్క తప్పు మళ్ళీ చేయకూడదని నిజాయితీగా పళ్ళెంలోకి దిగింది. పెద్ద పొట్లం ఎదురొచ్చింది. అంతే.

"మామ్మా," అంది, "మందారం పెద్దది. నందివర్ధనం ఇంతుంటుంది. పళ్ళెంలో ఎవరు చెయ్యి పెట్టినా ముందు మందారమే తగులుతుంది. నువ్వే కాదు, నేను పెట్టినా అంతే. నాన్నకి అడిగిన రోజు కూడా అంతే. ఆ రోజు అమ్మవారు వద్దనలేదు. పొట్లం పెద్దది."

"మరి పిల్లోడు పోనాడు గదే."

ఇది ఫణిశ్రీ ఏ క్లాసులోనూ చెప్పని పాఠం. మాటలు ఒక్కొక్కటే ఏరుకుని చెప్పింది.

"డాక్టరు నీ ముందే చెప్పాడు కదా. ఆపరేషన్ చేస్తే పదిమందిలో తొమ్మిదిమంది బతుకుతారని. చేయకపోతే ముగ్గురు కూడా బతకరని. తెలిసినదాన్ని బట్టి ఎవరైనా ఆపరేషనే చేయించాలి. నువ్వు సరిగ్గానే చేశావు. నాన్న ఆ పదోవాడయ్యాడు మామ్మా. పదోవాడు ఒకడు ఉంటాడు. అంతమాత్రాన నువ్వు చేసింది తప్పయిపోదు."

శ్రీలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కిటికీ వైపు తిరిగింది. దాలమ్మ ఏడవలేదు. మనవరాలి చెయ్యి తీసుకుని, ఆ చేతికి అంటిన టీపొడి తన చీరకి తుడిచింది.

"ఈ ముక్క మూడేళ్ళ కిందట సెప్పకూడదేటి?"

"నీ పళ్ళెం తప్పంటే బాధపడతావనుకున్నాను."

"సదువుకున్నావు గానీ నీకు బుద్ధి నేదు." దాలమ్మ ధనుంజయ్ వైపు తిరిగింది. "ఈ గుంటడికి ఉన్నాది. ఏం బావూ, ఒక సైజని ఎలా తెలుసు? కొలిసినావా?"

"కొలిచాను మామ్మగారూ. వెర్నియర్‌తో."

"నా సేత వందసార్లు తీయించినాడమ్మా," అంది అప్పలనరసమ్మ. "సెయ్యి పడిపోనాది."

దాలమ్మ నవ్వింది. ఆమె నవ్వి చాలా కాలమైందని శ్రీలక్ష్మి ముఖం చూస్తే తెలిసిపోయింది. పటం ముందున్న రెండు పొట్లాలూ విప్పి, తెల్ల గన్నేరూ ఎర్ర గన్నేరూ పక్కపక్కన అమ్మవారి పాదాల దగ్గర పెట్టి దణ్ణం పెట్టుకుంది. తరవాత ఫణిశ్రీని చూసింది.

"ఇప్పుడు సెప్పవే. నీకేటి కావాల?"

ఆ ఇంట్లో ఆ ప్రశ్న ఒక మనిషిని అడగడం అదే మొదలు. అరవై మంది క్లాసులో గంటసేపు ఆగకుండా మాట్లాడే లెక్చరర్ నోట రెండే ముక్కలు వచ్చాయి.

"అదే... అతను," అంది.

"అతనంటే ఎవురు? పేరు నేదా?"

"ధనుంజయ్."

"గట్టిగా సెప్పు. వానకి వినపడట్నేదు."

"ధనుంజయ్!"

"ఆఁ. అప్పలనరసమ్మా, విన్నావు గదా. మంచి రోజు నువ్వు సూడు. నాను మాత్రం పూలు అడగను," అని దాలమ్మ మోకాళ్ళ మీద చేతులు పెట్టి లేచింది. "టీ సల్లారిపోనాది. మళ్ళీ పెడతాను."

* * *

వరండాలో ఇద్దరే నిలబడ్డారు. చూరు నుంచి వాన తెరలా దిగుతోంది.

"చెప్పొద్దన్నాను," అంది ఫణిశ్రీ.

"పళ్ళెం తప్పని చెప్పొద్దన్నారు. నేను పువ్వుల సైజు చెప్పాను."

"ఇంకా ప్రశ్న రాసినవాడితో పోట్లాటేనా?" అంది, కానీ కోపం ముఖంలోకి రాలేదు. "సరే. సరిసమానమైన పొట్లాలు తెచ్చావు. అంటే సగం ఛాన్సే కదా. ఎరుపు వచ్చి ఉంటే?"

"వచ్చే ఆదివారం మళ్ళీ వచ్చేవాణ్ణి. కొత్త పూలతో."

"అప్పుడూ ఎరుపు వస్తే?"

"ఆ పై ఆదివారం."

"మా మామ్మ తరిమేది."

"తరిమినా పది ఆదివారాలు తట్టుకుంటే చాలు మేడం. పదింటిలో ఒక్కసారైనా తెలుపు రావాలి, అంతే. ఒక్కసారి కూడా రాకుండా పోయేది వెయ్యి ఇరవై నాలుగులో ఒకటి. మొత్తంలోంచి అది తీసేస్తే, మిగిలిందంతా మన పెళ్ళి."

ఫణిశ్రీ మనసులోనే లెక్క సరిచూసుకుంది. లెక్క సరిగ్గానే ఉంది.

"మరి ఆ ఒకటి వస్తే? పది ఆదివారాలూ ఎరుపే వస్తే?"

ధనుంజయ్ వాన వైపు చూశాడు.

"పదకొండో ఆదివారం వట్టి చేతులతో వచ్చి, మిమ్మల్ని అడిగేవాణ్ణి."

ఆమె గోడకి ఆనించి ఉన్న తన గొడుగు తీసి లోపల అలమరలో పెట్టి, తలుపు మూసి వచ్చింది.

"వాన తగ్గేదాకా ఎక్కడికీ వెళ్ళలేవు," అంది.